టోక్యో నుంచి ఒక్కరోజు హైక్: కోమా స్టేషన్లో దిగి కొండల మీదుగా ముసాషి-యోకోతె స్టేషన్‌కి ఎలా నడవాలి

జపాన్‌లో కొండ అనగానే మనవాళ్ళకి ముందు ఫుజి గుర్తొస్తుంది, ఆ తర్వాత టకావో, ఇంకేం లేవన్నట్టు అక్కడితో ఆగిపోతారు. కానీ ఇక్కడ ఎంతో కాలంగా జనం ఇష్టంగా చేసే హైకింగ్ ఇంకోటుంది, ఒక చిన్న స్టేషన్లో ట్రైన్ దిగడం, స్టేషన్ వెనకాలున్న కొండలెక్కి అటువైపు దిగడం, అక్కడ ఇంకో చిన్న స్టేషన్లో ట్రైన్ ఎక్కి ఇంటికి రావడం. కారు అక్కర్లేదు, వెళ్ళిన దారినే వెనక్కి రానక్కర్లేదు, టెంటూ తాడూ ఏమీ అక్కర్లేదు. టోక్యోలో ఉండే తెలుగువాళ్ళకి ఇది అందుబాటులో ఉన్నా చాలామందికి తెలీదు, అందుకే ఒక్క రూట్ తీసుకుని మొత్తం వివరంగా రాస్తున్నాను.

ఇది టోక్యో పక్కనున్న సైతామా ప్రిఫెక్చర్లో, సేబు ఇకెబుకురో లైన్ మీద ఉంది. హన్నో స్టేషన్ దాటాక లైన్ కోమా నది లోయలోకి దూరుతుంది, అక్కడ్నుంచి స్టేషన్లన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి, రెండు పక్కలా తక్కువ ఎత్తు కొండలు. కోమాలో దిగి, హివాదా-యమ (యమ అంటే కొండ) 305 మీటర్లు, మోనోమి-యమ సుమారు 375 మీటర్లు, ఈ రెండూ ఎక్కి ముసాషి-యోకోతె స్టేషన్లో తేలతాం. నడక 10 కిలోమీటర్ల చుట్టుపక్కల, ఆగకుండా నడిస్తే నాలుగ్గంటలు, తింటూ ఫోటోలు తీసుకుంటూ వెళ్తే ఐదారు గంటలు. అలిపిరి మెట్లదారిలో తిరుమల నడిచి ఎక్కినవాళ్ళకి ఒంటికి ఇదేమంత కష్టం కాదు.

మరి ఇంత చిన్న కొండలకి ఇంత పెద్ద గైడ్ ఎందుకంటే, జపాన్ పోలీసులు ఏటా ఇచ్చే లెక్కల్లో కొండల్లో ఆపదలో పడేవాళ్ళలో దాదాపు మూడోవంతు మంది దారి తప్పినవాళ్ళే, కారణాలన్నిట్లోకీ అదే మొదటిది. అది పెద్ద పర్వతాల కంటే ఇలాంటి ఊరి పక్క కొండల్లోనే ఈజీగా జరుగుతుంది. పెద్ద పర్వతం మీద దారులు కొన్నే ఉంటాయి, ఇక్కడ వందల ఏళ్ళుగా జనం కట్టెలకీ కలపకీ గుళ్ళకీ పక్క ఊళ్ళకీ నడిచిన దారులు, కరెంటు టవర్లు చెక్ చేసేవాళ్ళ దారులు, చెట్లు నరికేవాళ్ళ దారులు, అన్నీ కలగాపులగంగా ఉంటాయి, అన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కాబట్టి ఈ రూట్లో మీరు జాగ్రత్తగా చూసుకోవాల్సినవి రెండే, ఒకటి చీలిక వచ్చినప్పుడల్లా ఏ దారి అనేది, రెండోది టైం.

ఎప్పుడు వెళ్ళాలి

నవంబర్ మూడో వారం నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా ఆకులు ఎర్రబడే టైం, ఏప్రిల్లో చెర్రీ పూలూ లేత ఆకులూ, ఈ రెండూ అందరూ చెప్పేవే. నన్నడిగితే జనవరి కూడా చాలా బాగుంటుంది, గాలి పొడిగా ఉండి ఫుజి స్పష్టంగా కనిపిస్తుంది, ఈ ఎత్తులో మంచు పడినా ఎక్కువ రోజులుండదు, పురుగూ పుట్రా ఉండవు. కాకపోతే మంచు పడిన రెండు మూడు రోజులు మాత్రం వదిలెయ్యండి, నీడలో గడ్డకట్టి జారుతుంది.

జూలై ఆగస్టుల్లో వద్దు. 300 మీటర్ల ఎత్తులో చల్లదనం ఏమీ ఉండదు, కింద ఎంత ఉక్కపోతో పైన కూడా దాదాపు అంతే. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా సుజుమెబాచి అనే పెద్ద కందిరీగలు కోపంగా ఉంటాయి, ఆ రోజుల్లో వెళ్తే నల్ల బట్టలు వేసుకోకండి, సెంటు కొట్టుకోకండి, చుట్టూ తిరుగుతుంటే చేతులు ఊపకుండా మెల్లగా వెనక్కి జరగండి. ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ చివరి దాకా పుప్పొడి అలర్జీ ఉన్నవాళ్ళకి నరకం, ఎందుకంటే ఈ కొండల నిండా నాటిన సుగి, హినోకి చెట్లే, ఇక్కడి కలపని ఒకప్పుడు తెప్పలు కట్టి నది మీద ఎదోకి, అంటే పాత టోక్యోకి, పంపేవాళ్ళు, నిషికావా కలప అని ఇప్పటికీ పేరుంది.

సెప్టెంబర్ చివర్లో ఇంకో సంగతి, కోమా స్టేషన్ దగ్గర కించాకుదా అనే చోట ఎర్ర స్పైడర్ లిల్లీ పూలు లక్షల్లో పూస్తాయి, 50 లక్షలు అంటారు, నేల మొత్తం ఎర్ర తివాచీ. చూడాల్సిందే, కానీ ఆ పది పదిహేను రోజులు స్టేషన్ కిక్కిరిసిపోతుంది, లోపలికి టికెట్ కూడా పెడతారు. పూలూ కొండా రెండూ కావాలంటే పొద్దున్న ఏడున్నరకల్లా కోమాలో ఉండేలా బయల్దేరండి.

ముందురోజు రాత్రి

మొదట ఫోన్లో యామాప్ గానీ యామారెకో గానీ, ఏదో ఒక హైకింగ్ మ్యాప్ యాప్ వేసుకోండి. గూగుల్ మ్యాప్స్‌ని కొండ మీద నమ్మకండి, సగం దారులు అందులో ఉండవు, ఉన్నవాటిలో మూతపడినవి కూడా చూపిస్తుంది. యామాప్‌లో హివాదా-యమ అని వెతికితే ఆ ఏరియా మ్యాప్ వస్తుంది, దాన్ని ఇంట్లో వైఫై మీదే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, అప్పుడు సిగ్నల్ లేకపోయినా మీరెక్కడున్నారో చుక్క కనిపిస్తుంది, ఎందుకంటే జీపీఎస్‌కి సిమ్ సిగ్నల్‌తో పనిలేదు. యాప్‌లు ఎక్కువ జపనీస్‌లోనే ఉంటాయి, దానికి భయపడక్కర్లేదు, మ్యాప్ మీద గీతలూ నిమిషాలూ అంకెలూ భాష రాకపోయినా అర్థమవుతాయి.

తర్వాత చేయాల్సింది, ఇది చాలామంది వదిలేస్తారు, ఆరు పేర్లు జపనీస్ లిపిలో ఎలా ఉంటాయో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం: కోమా స్టేషన్, హివాదా-యమ, మోనోమి-యమ, కితాముకాయ్ జిజో (మోనోమి దాటాక దారి పక్కన వచ్చే విగ్రహం), ముసాషి-యోకోతె స్టేషన్, యుగాతే (పొడవు దారిలో వచ్చే చిన్న పల్లె). కొండ మీద చెక్క బోర్డుల మీద ఇంగ్లీష్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, చదవడం రాకపోయినా ఫోన్ పక్కన పెట్టి ఆకారాలు సరిపోల్చుకుంటే చాలు.

ఇప్పుడు ట్రైన్ టైంలు, వీటిని వెనక నుంచి లెక్కేసుకోండి. డిసెంబర్లో టోక్యో వైపు సూర్యాస్తమయం నాలుగున్నరకే, సుగి చెట్ల కింద మూడున్నరకే మసక మొదలవుతుంది. కాబట్టి మూడింటికల్లా అడవిలోంచి బయటపడి రోడ్డు మీద ఉండాలి, అంటే పన్నెండున్నర ఒంటిగంట మధ్యలో కితాముకాయ్ జిజో దగ్గర ఉండాలి, అంటే తొమ్మిదికల్లా కోమాలో దిగాలి, అంటే ఇకెబుకురోలో ఏడున్నర ప్రాంతంలో ట్రైన్ ఎక్కాలి. వేసవి వైపు ఇంకో గంటో గంటన్నరో వెసులుబాటు ఉంటుంది.

ఎలుగుబంట్ల గురించి కూడా చెప్పాలి, ఈ మధ్య కొన్నేళ్ళుగా జపాన్ అంతటా ఆ వార్తలు పెరిగాయి. ఈ కొండలు ఒకుముసాషి అడవులకి అంచు, లోపలికి వెళ్ళేకొద్దీ నల్ల ఎలుగులు ఉన్నాయి. హిదాకా, హన్నో సిటీల వెబ్‌సైట్లలో ఎక్కడ కనపడిందో పెడతారు, ముందురోజు ఒకసారి చూడండి, ఈ మధ్యనే మీ దారిలో కనిపించిందని ఉంటే ఆ వారం మానుకోండి. బ్యాగుకి చిన్న గంట కట్టుకోండి, అవుట్‌డోర్ షాపుల్లోనూ చాలా హండ్రెడ్ యెన్ షాపుల్లోనూ దొరుకుతుంది. హెడ్‌ఫోన్స్‌లో పాటలు పెట్టుకుని నడవకండి.

ఇంకొకటి, డబ్బు సంగతి. జపాన్‌లో కొండ మీద దెబ్బ తగిలితే హెలికాప్టర్ ఫ్రీగా వస్తుందని విని ఉంటారు. సైతామాలో 2018 నుంచి కొన్ని కొండల మీద ప్రిఫెక్చర్ హెలికాప్టర్ రక్షిస్తే, ఎగిరిన టైంని బట్టి ఫీజు కట్టాలి, ఆ కొండల లిస్టులో రెండు వేల మీటర్ల పర్వతాలతో పాటు మన 305 మీటర్ల హివాదా-యమ కూడా ఉంది. అక్కడ రాక్ క్లైంబింగ్ ప్రాక్టీస్ చేసే బండలున్నాయి, తాళ్ళు కట్టుకుని ఎక్కుతుంటారు. ఒకరోజు హైకింగ్ ఇన్సూరెన్స్ ఆన్‌లైన్లో కొన్ని వందల యెన్‌లకే దొరుకుతుంది, తీస్కోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో వాళ్ళకో రూమ్మేట్‌కో మెసేజ్ పెట్టండి. ఆపదొస్తే పోలీసులకి 110, అంబులెన్స్‌కి 119.

బ్యాగులో ఏం పెట్టాలి

నీళ్ళు మనిషికి లీటరున్నర, ఎండాకాలం దగ్గరైతే రెండు లీటర్లు, దారిలో నింపుకునే చోట్లు ఉంటాయని లెక్క వేసుకోకండి. కింద ఊళ్ళో వెండింగ్ మెషిన్లు ఉంటాయి, కొండ మీద ఉండవు. సన్నటి రెయిన్ జాకెట్, ఒక స్వెటర్, హెడ్ ల్యాంప్ (ఫోన్ లైట్ ఉందిగా అనుకోకండి, ఆ ఫోనే మీ మ్యాప్ కూడా), పవర్ బ్యాంక్, చిన్న ఫస్ట్ ఎయిడ్, చెత్త వేసుకోవడానికి కవర్లు. చెత్త డబ్బా అనేది ఈ దారిలో ఎక్కడా కనిపించదు, తొక్కతో సహా ఇంటికి తెచ్చుకోవాల్సిందే. చిల్లర నాణేలు, ముఖ్యంగా 100 యెన్‌వి, ఎందుకో తర్వాత చెప్తాను.

బూట్లు హైకింగ్‌వే కొనక్కర్లేదు, కింద గ్రిప్ బాగా ఉన్న స్పోర్ట్స్ షూస్ చాలు, కానీ అరిగిపోయిన సోల్ వద్దు, తడి వేర్ల మీద జర్రున జారుతుంది. జీన్స్ వద్దు.

తిండి విషయంలో మనవాళ్ళకి నా సలహా, పులిహోర కట్టుకుని వెళ్ళండి. పొద్దున్నే ఐదింటికి లేచి కలపాల్సిన పని కూడా లేదు, రాత్రి కలిపి పెట్టుకుంటే పొద్దుటికి ఇంకా రుచి పడుతుంది, చింతపండూ నూనే ఉండటంతో చల్లటి వాతావరణంలో సాయంత్రం దాకా చెడదు, చేత్తో స్పూన్‌తో ఎలాగైనా తినొచ్చు. పెరుగన్నం చలికాలం బావుంటుంది గానీ ఎండల్లో పులిసిపోతుంది. షాపులో కొనుక్కునేవాళ్ళు వెజిటేరియన్ అయితే ఉమెబోషి ఒనిగిరి (లోపల పుల్లటి ఊరగాయ పండు పెట్టిన అన్నం ముద్ద) కాస్త సేఫ్, మిగతా చాలావాటిలో కనిపించకపోయినా చేప రసం కలుస్తుంది, వెనకాల రాసింది ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేసి చూసుకోండి. ఇవన్నీ ఇకెబుకురోలోనో హన్నోలోనో కొనేస్కోండి, కోమాలో దిగాక వెతుక్కుందాంలే అని వదలకండి.

ట్రైన్

నిషి-కసాయ్‌లో ఉండేవాళ్ళు తోజాయ్ లైన్లో ఈదబాషి దాకా వచ్చి యూరకుచో లైన్ మారి ఇకెబుకురో చేరొచ్చు, యూరకుచో లైన్ ట్రైన్లు కొన్ని అలాగే సేబు లైన్లోకి వెళ్ళిపోయి నేరుగా హన్నో దాకా వెళ్తాయి, అలాంటిది దొరికితే మధ్యలో మారే బాధ తప్పుతుంది. మిగతావాళ్ళు ఇకెబుకురోలో సేబు స్టేషన్ నుంచి హన్నో వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, గంటలోపు దింపుతుంది. సూయికా, పాస్మో కార్డులు ఈ రూట్ మొత్తం పనిచేస్తాయి.

హన్నోలో సేబు-చిచిబు వైపు వెళ్ళే లోకల్‌కి మారాలి. ఇక్కడొకటి కంగారుపెడుతుంది, హన్నో స్టేషన్లో లైన్ వెనక్కి తిరుగుతుంది, అంటే ట్రైన్ వచ్చిన వైపుకే మళ్ళీ బయల్దేరుతుంది, తిరిగి టోక్యో వెళ్ళిపోతున్నామేమో అనిపిస్తుంది, కాదు, సరిగ్గానే ఉన్నారు. స్టేషన్ నంబర్లు చూస్కోండి, హన్నో ఎస్ఐ26, కోమా ఎస్ఐ28, ముసాషి-యోకోతె ఎస్ఐ29, హిగాషి-అగానో ఎస్ఐ30. హన్నో అవతల పగటిపూట గంటకి రెండు ట్రైన్ల లెక్క, ఒకటి పోతే అరగంట పోయినట్టే. కొన్ని ట్రైన్లలో తలుపు దానంతటది తెరుచుకోదు, పక్కన బటన్ నొక్కాలి, నిలబడి చూస్తూ ఉంటే స్టేషన్ వెళ్ళిపోతుంది.

ఇంకో జాగ్రత్త: యాప్‌లో కోమా అని కొట్టినప్పుడు కోమాగావా అని జేఆర్ స్టేషన్ ఒకటి వస్తుంది, అది వేరే లైన్ వేరే చోటు. మనకి కావాల్సింది సేబు వాళ్ళ కోమా.

కోమా నుంచి హివాదా-యమ దాకా

స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా రెండు పొడవాటి ఎర్ర స్తంభాలు కనిపిస్తాయి, పైన కళ్ళూ పళ్ళూ చెక్కిన ముఖాలు, కొరియా ఊళ్ళలో పొలిమేర దగ్గర కాపలాగా నిలబెట్టే రకం. జపాన్‌లో ఇవెందుకున్నాయంటే, కొరియా ఉత్తరాన ఉన్న కోగుర్యో రాజ్యం పడిపోయాక అక్కణ్ణుంచి వచ్చి రకరకాల చోట్ల ఉంటున్నవాళ్ళు 1,799 మందిని 716లో జపాన్ రాజసభ ఇక్కడికి చేర్చి కోమా జిల్లా ఏర్పాటు చేసింది. వాళ్ళ నాయకుడు జక్కో పేరుమీద ఉన్న కోమా గుడి ఇక్కడికి కొంచెం దూరంలో ఇప్పటికీ ఉంది. అది మన దారిలో పడదు, కానీ వేరే రోజు ప్రత్యేకంగా వచ్చి చూడదగ్గది. స్టేషన్లో బాత్రూం వాడుకుని బయల్దేరండి.

ఇక్కడ్నుంచి కొండ మొదలు దాకా ఊళ్ళోంచి అరగంట నడక. హివాదా-యమ అని, కించాకుదా అని బోర్డులుంటాయి, హైవే 299 దాటి, నది దాటి వెళ్తాం. కోమా నది ఇక్కడ గుండ్రంగా చుట్టు తిరిగి మధ్యలో పొలాల్ని వదిలింది, ఆ పొలాలే కించాకుదా. ఇప్పుడు కింద నుంచి చూస్తే ఏమీ తెలీదు, ఒక గంట తర్వాత పైనుంచి చూసినప్పుడు ఆ ఆకారం తెలుస్తుంది.

కొండ మొదట్లో టాయిలెట్ ఉంది, పైకి ఎక్కాక కాసేపట్లో ఒక తొరీ వస్తుంది, అంటే గుడి ముందుండే ఆ ద్వారం. అది దాటాక దారి రెండుగా చీలుతుంది, ఒకదాన్ని మగవాళ్ళ దారి అంటారు ఇంకోదాన్ని ఆడవాళ్ళ దారి అంటారు, పాతకాలం పేర్లు, వాటిని పట్టించుకోకండి. మొదటిది నిట్టనిలువుగా బండల మీద చేతులు వేసి ఎక్కే దారి, రెండోది చుట్టూ తిరిగి మెల్లగా ఎక్కేది. పిల్లలుంటే, వాన పడి ఉంటే, మోకాళ్ళ నొప్పులుంటే రెండోదే వెళ్ళండి. బండల దారి వెళ్ళేవాళ్ళు ట్రెకింగ్ కర్రలు మడిచి బ్యాగులో పెట్టేసి రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి, ఆ దారిలో ఎక్కడమే, దిగడానికి వాడకండి. రెండూ పైన కొతోహిరా గుడి దగ్గర కలుస్తాయి.

ఈ రూట్ మొత్తంలో బెస్ట్ చోటు శిఖరం కాదు, ఇదే. గుడికి కొంచెం కింద రాతి గట్టు మీద ఒక తొరీ ఉంటుంది, దాని ముందు కూర్చుంటే కాళ్ళ కింద కించాకుదా, నది దాని చుట్టూ ఎలా తిరిగిందో మొత్తం కనిపిస్తుంది, మూతి తాడుతో బిగించిన సంచి ఆకారం, అందుకే ఆ పేరు. కుడివైపు కొండల వెనకాల ఫుజి, ఎడమవైపు గాలి శుభ్రంగా ఉన్న రోజున షింజుకు బిల్డింగులూ స్కైట్రీ. ఇక్కడ ఇరవై నిమిషాలైనా కూర్చోండి, ఏదో ఒకటి తినండి. గట్టు అంచున రెయిలింగ్ ఉండదు, పిల్లల చెయ్యి వదలకండి. శిఖరం దీని వెనకాల ఐదు పది నిమిషాల ఎక్కుడు, అక్కడ ఒక రాతి గోపురం, కొన్ని బెంచీలు, తూర్పు వైపు కొంచెం వ్యూ.

హివాదా నుంచి మోనోమి దాకా

చాలామంది హివాదా చూసి కోమాకే దిగిపోతారు, అందుకే శిఖరం అవతలికి అడుగుపెట్టగానే జనం ఒక్కసారిగా తగ్గిపోతారు. అవతలి దిగుడు నిటారుగా ఉంటుంది, వేర్లు బయటికి వచ్చి ఉంటాయి, తొందరపడకండి. తర్వాత టవర్లున్న తకాసాషి-యమ, దాని పక్క నుంచి దారి తారురోడ్డులో కలుస్తుంది. రోడ్డు మీద నడుస్తూ ఉంటే కోమదాకా అనే చిన్న పల్లె, కొండ పైభాగంలో నాలుగైదు ఇళ్ళు, టీ తోటలూ కూరగాయ మళ్ళూ, ఆకాశం బాగుంటే ఇక్కడ కూడా ఫుజి. పబ్లిక్ టాయిలెట్ ఇక్కడుంది, వాడుకోండి, ఎందుకంటే మళ్ళీ కింద స్టేషన్ దాకా లేదనే లెక్క.

ఇళ్ళ ముందు చిన్న చెక్క అర పెట్టి అందులో నిమ్మజాతి యుజు కాయలో, ముల్లంగో, ఏదో ఒకటి కవర్లలో కట్టి పెడతారు, మనిషి ఎవరూ ఉండరు, పక్కన డబ్బా ఉంటుంది. రేటు రాసి ఉంటుంది, చాలాసార్లు 100 యెన్. డబ్బాలో వేసి తీసుకోండి. నాణేలు తెచ్చుకోమన్నది దీనికే, అక్కడ చిల్లర ఇచ్చేవాళ్ళుండరు. ఇళ్ళ ముందు నుంచి వెళ్ళేటప్పుడు గొంతు తగ్గించండి, ఎవరైనా కనపడితే కొన్నిచివా అనండి, కొండ మీద ఎదురయ్యే ప్రతి మనిషికీ కూడా అనడం ఇక్కడి పద్ధతి. ఇరుకు చోట ఎక్కేవాళ్ళకి దారివ్వాలి, దిగేవాళ్ళు పక్కకి ఆగాలి.

పల్లె చివర్లో రోడ్డు వదిలి మళ్ళీ అడవిలోకి ఎక్కితే మోనోమి-యమ. హివాదా నుంచి గంట లోపే. శిఖరం మీద చుట్టూ చెట్లు పెరిగిపోయి పెద్ద వ్యూ లేదు, కానీ చదునైన చోటు, బెంచీలున్నాయి, పులిహోర డబ్బా తెరవాల్సింది ఇక్కడే. చుట్టూ తిరిగి చూస్తే కొంచెం పక్కగా నేలలో పాతిన రాయి కనిపిస్తుంది, అది జపాన్ సర్వే వాళ్ళ మొదటి తరగతి త్రికోణ బిందువు, దేశం మ్యాప్ గీయడానికి మూలంగా పెట్టుకున్న పాయింట్లలో ఒకటి.

చీలికల దగ్గర

మోనోమి తర్వాతే అసలు జాగ్రత్త కావాలి, అందుకే దీన్ని విడిగా రాస్తున్నాను. ఇక్కడ్నుంచి అంతా సుగి తోట, చెట్లన్నీ ఒకే లావు, ఒకే వరస, ఏ వైపు చూసినా ఒకేలా ఉంటుంది.

చీలిక వచ్చిన ప్రతిసారీ ఆగండి. మాట్లాడుకుంటూ నడిచేస్తే కాలు వెడల్పుగా ఉన్న దారిలోకే వెళ్ళిపోతుంది, వెడల్పుగా ఉన్నది కలప లాక్కెళ్ళే దారి అయ్యే ఛాన్స్ ఎక్కువ, అది ఎక్కడో మొద్దుల మధ్య ఆగిపోతుంది. బోర్డు చూడండి, తర్వాత ఫోన్లో చుక్క చూడండి, పది అడుగులు వేశాక చుక్క గీత మీదే ఉందా అని మళ్ళీ ఒకసారి చూడండి. చెట్లకి కట్టిన గులాబీ రంగు రిబ్బన్లని గుడ్డిగా ఫాలో అవ్వకండి, కొన్ని హైకర్ల కోసం కట్టినవే గానీ చాలావరకు అడవి పనివాళ్ళు ఏ చెట్టు కొట్టాలి, హద్దు ఎక్కడ అని కట్టుకున్నవి. కరెంటు టవర్ల నంబర్లున్న చిన్న గుర్తులు కూడా అంతే, అవి టవర్ దాకా తీసుకెళ్ళి వదిలేస్తాయి. దారికి అడ్డంగా కావాలని ఒక దుంగో రెండు కొమ్మలో పడేసి ఉంటే అది ఇటు రావద్దని చెప్పడం.

తప్పు దారి అనిపిస్తే, ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కిందకి దిగకండి. కింద ఊరుందిగా, వాగు వెంబడి దిగితే రోడ్డు వస్తుందిగా అని అందరికీ అనిపిస్తుంది, కానీ వాగులు జలపాతాల దగ్గరకీ కొండ అంచులకీ తీసుకెళ్తాయి, అక్కడ ముందుకి దిగలేరు వెనక్కి ఎక్కలేరు. తెలిసిన ఆఖరి బోర్డు దాకా వెనక్కి నడవండి, ఎంత విసుగ్గా ఉన్నా సరే, పదిహేను నిమిషాలు పోతే పోనీ.

కితాముకాయ్ జిజో దగ్గర టైం చూడండి

మోనోమి నుంచి అరగంటలో అడవి రోడ్డు పక్కన ఒక చిన్న మండపం, అందులో రాతి జిజో విగ్రహం. జిజో అంటే దారినపోయేవాళ్ళనీ పిల్లల్నీ కాపాడే బోధిసత్వుడు, జపాన్లో ఏ పల్లె దారిలోనైనా కనిపిస్తాడు, ఎర్ర గుడ్డ కట్టి ఉంటుంది. ఈయన మాత్రం ఉత్తరం వైపు తిరిగి ఉంటాడు. 1786లో, కరువూ అంటురోగాలూ ఉన్న కాలంలో, ఊరికి రోగం రాకూడదని పెట్టారని, తోచిగిలో ఉన్న ఇవాఫునె జిజోకి ఎదురుగా ఉండాలని ఉత్తరం తిప్పారని చెప్తారు.

ఇక్కడ వాచీ చూసుకోండి. చలికాలంలో ఒంటిగంట దాటితే, లేదా జట్టులో ఒక్కరికైనా కాళ్ళు లాగుతుంటే, దక్షిణం వైపు ముసాషి-యోకోతెకి దిగిపోండి, గంటకి కాస్త పైన పడుతుంది. పన్నెండున్నర లోపే వచ్చేసి అందరూ హుషారుగా ఉంటే పొడవు దారి పట్టొచ్చు.

దిగే దారిలో గోజో జలపాతం వస్తుంది, పన్నెండు మీటర్ల ఎత్తు ఉంటుంది, యుద్ధానికి వెళ్ళే ముందు సమురాయ్‌లు ఇక్కడ స్నానం చేసేవాళ్ళని కథ. చలికాలం నీళ్ళు సన్నగా ఉంటాయి. జలపాతం ఉన్నది ప్రైవేటు స్థలం, లోపలికి దిగాలంటే అక్కడ బోర్డు మీద ఏం రాసి ఉందో ఫోన్‌తో చదివి దాని ప్రకారం చేయండి. జలపాతం తర్వాత వాగు పక్కన తారురోడ్డు, ఇక దారి తప్పేదేం లేదు, దాన్ని పట్టుకుని అరగంట పైన నడిస్తే హైవే 299, దాని పక్కనే ముసాషి-యోకోతె.

పొడవు దారి అంటే జిజో నుంచి స్కారి-యమ వైపు ఎక్కి యుగాతే మీదుగా హిగాషి-అగానో స్టేషన్‌కి దిగడం, రెండు రెండున్నర గంటలు పడుతుంది. స్కారి-యమ దాదాపు 435 మీటర్లు, ఈ చుట్టుపక్కల ఇదే ఎత్తు, ఎక్కుడు కొంచెం గట్టిగా ఉంటుంది కానీ పైన ఉత్తరం వైపు వ్యూ బావుంటుంది. యుగాతే అయితే నాకు ఈ కొండలన్నిట్లో చాలా ఇష్టమైన చోటు, అడవిలో నడుస్తూ నడుస్తూ ఉంటే చెట్లు ఆగిపోయి ఎండలో రెండు మూడు ఇళ్ళు, వాటి ముందు కూరగాయ మళ్ళు, నారింజ చెట్లు, బెంచీలు, చుట్టూ కొండలు. అక్కడ జనం ఉంటున్నారు, అది పార్కు కాదు, మళ్ళలోకి దిగకండి, కాయలు కోయకండి. అక్కడ్నుంచి హషిమోతో-యమ మీదుగా దిగితే గంటలో స్టేషన్. లోయ దారిన దిగితే ఫుకుతోకుజి అనే గుడి వస్తుంది, అందులో చిన్న అమిదా మందిరం కమకురా కాలం నాటిది, దేశం ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా గుర్తించినది, ఐదు నిమిషాలు ఆగి చూడండి.

తిరుగు ట్రైన్

ముసాషి-యోకోతెలో షాపులు ఉంటాయని ఆశ పెట్టుకోకండి. గడ్డి మేయడానికి సేబు కంపెనీ 2009లో ఇక్కడికి మేకల్ని తెచ్చింది, స్టేషన్ పక్కన దొడ్డి, మేకలు ఇంకా ఉంటే పిల్లలున్నవాళ్ళకి ట్రైన్ వచ్చేదాకా అదే కాలక్షేపం, ఏమీ తినిపించకండి. బూట్ల బురద స్టేషన్ బయటే రాయికి కొట్టి దులిపేస్కోండి, ట్రైన్లో బ్యాగు ఒళ్ళో పెట్టుకోండి. లైన్ ఒకటే కాబట్టి ట్రైన్ ఎటు వెళ్తోందో ఎక్కే ముందు బోర్డు మీద చూసుకోండి, హన్నో అని ఉన్నది టోక్యో వైపు.

టైం మిగిలితే అవతలి వైపు ట్రైన్ ఎక్కి సేబు-చిచిబు దాకా వెళ్ళొచ్చు, అక్కడ స్టేషన్ పక్కనే మాత్సురి-నో-యు అని వేడినీళ్ళ స్నానాల చోటు ఉంది, లోపల తిండి కూడా దొరుకుతుంది. లేదంటే హన్నోలో దిగి భోంచేసి, కాళ్ళు మరీ నొప్పిగా ఉంటే లావ్యూ అనే సేబు స్పెషల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, సీట్లన్నీ రిజర్వుడే, టికెట్ ఫోన్లోనే తీసుకోవచ్చు, హన్నో నుంచి ఇకెబుకురోకి నలభై నిమిషాల్లో వచ్చేస్తుంది. ఆదివారం సాయంత్రం సీట్లు అయిపోతుంటాయి, కాబట్టి ముసాషి-యోకోతె ప్లాట్‌ఫాం మీద కూర్చున్నప్పుడే బుక్ చేసేస్కోండి.